ట్రమడాల్ మాన్పించాలంటే గదిలో పెట్టి తాళం వేయాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది రేణిగుంట దగ్గర పల్లె. మా తమ్ముడికి 29 ఏళ్లు. తిరుపతి నుంచి కొండకి టాక్సీ తోలుతాడు. రెండేళ్ల కిందట బైకు మీద నుంచి పడి కాలు విరిగింది. ఆపరేషన్ తర్వాత నొప్పికి రాసిచ్చిన ట్రమడాల్ మాత్రలు ఇప్పటికీ మానలేదు. రోజుకి 15 దాకా వేసుకుంటున్నాడని మా మరదలు చెప్తోంది. చీటీ లేకుండానే మెడికల్ షాపులో ఇచ్చేస్తున్నారు. పోయిన నెల ఫిట్స్ వచ్చి పడిపోయాడు. మాత్ర లేకపోతే ముక్కు కారడం, ఆవలింతలు, చెమటలు, విరేచనాలు, కాళ్లు లాగేస్తున్నాయని రాత్రంతా నిద్ర ఉండదు. పది రోజులు గదిలో పెట్టి తాళం వేస్తే అదే మానుతాడని మా చిన్నాయన అంటున్నాడు. ఒక ప్రైవేటు సెంటరు వాళ్లేమో మూడు నెలలు వదిలిపెట్టండి, ఇంటివాళ్లు చూడ్డానికి రాకూడదు అన్నారు. ఆసుపత్రికి పోతే పోలీసు కేసు అవుతుందని వాడి భయం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, తాళం వద్దు. దానికంటే ముందు ఇంకో పని ఉంది. ఈ రోజు నుంచే అతని చేతికి బండి తాళాలు ఇవ్వకండి. ట్రమడాల్ మోతాదు పెరిగితే ఫిట్స్ రావడం మామూలే, అందుకు మూర్ఛరోగం ఉండక్కర్లేదు. ఒకసారి వచ్చినవాడికి మళ్లీ రావచ్చు. అది ఘాట్ మలుపులో వస్తే బండిలో ఉన్న యాత్రికుల గతేమిటి? ఎప్పుడు మళ్లీ తోలవచ్చో పరీక్షలు చేశాక డాక్టరే చెప్పాలి.

ఇప్పుడు ఆ మాత్ర అట్ట ఒకసారి తిప్పి చూడండి. బజారులో ఎక్కువగా దొరికేది ట్రమడాల్ 37.5 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర. అదే అయితే లెక్క వేయండి. 15 మాత్రలకి ట్రమడాల్ 560 దాటుతోంది, రోజుకి 400 మించకూడదు. పారాసిటమాల్ 4,800 దాటుతోంది, దానికి హద్దు 4,000. అంటే అలవాటు సంగతి అటుంచి, లివర్ దెబ్బతింటూ ఉండవచ్చు. అది పైకి తెలియదు. కాబట్టి లివర్ రక్తపరీక్ష తప్పనిసరి. మద్యం కూడా ఉంటే మరీ తొందరగా చేయించాలి.

ఇక మీ చిన్నాయన మాట. ఆయన మంచికే చెప్తున్నారు, ఇంటింటా పెద్దవాళ్లు చెప్పేది అదే. ట్రమడాల్ నల్లమందు పనిచేసే చోటే పనిచేస్తుంది. ఆపేసిన 12 నుంచి 24 గంటల్లో మీరు రాసిన బాధలన్నీ మొదలవుతాయి. రెండు మూడు రోజులు ముదురుతాయి, వారం దాటాక తగ్గుతాయి. నిద్ర మాత్రం ఇంకా చాలా రోజులకు గానీ కుదుటపడదు. కొందరికి ట్రమడాల్ ఆపితే విపరీతమైన కంగారు, లేనివి కనిపించడం కూడా ఉంటుంది. గదిలో ఒంటరిగా ఇవన్నీ పడమనడం వైద్యం కాదు. ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రలు గానీ మద్యం గానీ రోజూ తోడుంటే, హఠాత్తుగా ఆపడం ప్రాణం మీదికే రావచ్చు.

అయితే నాకు ఎక్కువ భయం ఆ పది రోజుల గురించి కాదు, పదకొండో రోజు గురించి. అన్ని మాత్రలు తట్టుకునే శక్తి మానిన కొద్ది రోజులకే పడిపోతుంది. కోరిక మాత్రం అలాగే ఉంటుంది. బయటికి వచ్చి పాత లెక్కలోనే గుప్పెడు మింగితే ఊపిరి మందగించి ఆగిపోవచ్చు. నల్లమందు జాతి మందుల్ని ఓపియాయిడ్లు అంటారు, వాటితో చనిపోయేవాళ్లకి మానిన తర్వాతి వారాలే గండం. జైలు నుంచి, సెంటర్ల నుంచి బయటికి వచ్చినవాళ్లలో ఇది ప్రపంచమంతా చూసిన సంగతి. మూడు నెలలు మందు లేకుండా ఉంచి పంపే సెంటరుకీ ఇదే వర్తిస్తుంది. ఇంటివాళ్లు రాకూడదన్న చోటికి అసలే పంపకండి. రోగిని గొలుసుతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం. సెంటరుకి రాష్ట్ర మానసిక ఆరోగ్య సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. సమాధానం నసిగితే లేచి వచ్చేయండి.

వైద్యానికి రెండు దారులున్నాయి. ఒకటి, ట్రమడాల్‌నే పారాసిటమాల్ లేకుండా, డాక్టరు రాసిన లెక్కలో, మీ మరదలి చేతి మీదుగా ఇస్తూ వారాల తరబడి తగ్గించుకురావడం. ఘాట్ దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదలరు, గేరులోనే దించుతారని మీ తమ్ముడికి చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. రెండోది బ్యుప్రెనార్ఫిన్ అనే నాలుక కింద పెట్టుకునే మాత్ర. ఫిట్స్ వచ్చినవాడు కాబట్టి నా మొగ్గు దీనివైపే. ట్రమడాల్ ప్రభావం దిగి బాధలు మొదలయ్యాకే తొలి మోతాదు ఇవ్వాలి. తొందరపడితే బాధలు ఒక్కసారిగా ఎక్కువవుతాయి. అందుకే ఇంట్లో మొదలుపెట్టే మందు కాదు.

ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చిందని మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఈ మందుకి ఒక హద్దు ఉంది, ఎక్కువ వేసుకున్నా కొంత దాటి కిక్కు పెరగదు. కోరిక తగ్గి మనిషి పనికి పోతాడు, ఇంట్లో అన్నం తింటాడు. కొన్ని నెలలు, కొందరికి కొన్నేళ్లు వాడాలి. ఫ్రాన్స్‌లో 1995 నుంచి మామూలు డాక్టర్లు కూడా దీన్ని రాయడం మొదలుపెట్టాక నాలుగేళ్లలో హెరాయిన్ చావులు బాగా తగ్గిపోయాయి. అమెరికా ఆలస్యంగా నేర్చుకుంది. నొప్పి మాత్రలతో మొదలైన మహమ్మారి హెరాయిన్‌కీ, ఇంకా ఘాటైన ఫెంటనిల్ అనే ఓపియాయిడ్‌కీ పాకి, 2022లో ఒక్క ఏడాదే దాదాపు 80 వేల మందిని తీసుకుపోయింది. ఈ మందు రాయడానికి డాక్టర్లకు ఉన్న ప్రత్యేక అనుమతి నిబంధనను ఆ ఏడాది చివర్లో గానీ ఎత్తేయలేదు.

మన దగ్గర అంత లేదు కదా అనుకోకండి. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో దేశ జనాభాలో 2.1 శాతం మంది ఓపియాయిడ్లు వాడుతున్నట్టు తేలింది. అందులో సగానికి కాస్త తక్కువ మంది వాడేది మందుల షాపు సరుకే.

ఆ షాపు గురించీ చెప్పాలి. ట్రమడాల్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ చూడాలి, డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్లు దాచాలి. 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా వచ్చింది. ముందు మీ తమ్ముడికి వైద్యం మొదలుపెట్టించి, ఆ తర్వాత డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి గానీ, మత్తుమందుల మీద నిఘా పెట్టే రాష్ట్ర ఈగిల్ విభాగం నంబరు 1972కి గానీ చెప్పండి. ఈ వరస ఎందుకంటే, షాపు ఒక్కటే మూయించి వైద్యం ఇవ్వకపోతే అతను ఇంకో షాపు వెతుక్కుంటాడు, లేదా ఇంకా చెడ్డ సరుకుకి పోతాడు. అమెరికాలో మాత్రలు కట్టుదిట్టం చేశాక చాలామంది పోయింది హెరాయిన్‌కే.

పోలీసు భయం సంగతి. తన వాడకం వరకే ఉండి, తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో వైద్యానికి వచ్చినవాడికి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. రోగి వివరాలు రహస్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. ఈ మాట మీరు చెప్తే నమ్మడేమో, ఓపీలో డాక్టరు నోటితోనే చెప్పించండి.

స్టాండులో అతని మాట వినే పెద్ద డ్రైవరు ఎవరైనా ఉంటే రహస్యంగా కలవండి. కొన్నాళ్లు తోలకుండా బుకింగులు చూసే పనో, బండ్లు కడిగే పనో ఇప్పించమనండి. రోజు కూలి పోతుందంటే ఏ వైద్యమూ సాగదు, అతను మళ్లీ బండి ఎక్కేస్తాడు. కొండకి నడిపించి స్వామి ముందు ఒట్టు వేయిద్దామని కూడా అనుకుంటూ ఉంటారు. తప్పకుండా తీసుకుపోండి, కానీ మందు కుదిరాక. విరేచనాలతో నీరసపడి ఉన్నవాణ్ణి అలిపిరి 3,550 మెట్లు ఎక్కించకండి. ఆ రోజు మాత్ర కూడా మానిపించకండి.

ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన గుర్తులు: లేపినా లేవకపోవడం, గురకలాంటి శబ్దంతో ఊపిరి బాగా నెమ్మదించడం, పెదాలు నీలం కావడం, కంటిపాప సూదిమొనంత కావడం. వెంటనే 108కి ఫోన్ చేసి పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వేసుకున్న మాత్ర పేరు దాచకుండా చెప్పండి. దీనికి విరుగుడైన నలొక్సోన్ ఇంజెక్షన్ ఆసుపత్రిలో ఇస్తారు. ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ కుక్కకండి, తాళంచెవులు చేతిలో పెట్టకండి.

రేపే తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకుపోండి. బ్యుప్రెనార్ఫిన్ అక్కడ దొరుకుతుందా, లేకపోతే ఏ కేంద్రానికి పంపుతారో అడగండి. అక్కడికి పోయేలోగా సలహా కావాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి, లేదా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, రెండూ ఉచితమే. అప్పటిదాకా మాత్రలు ఒక్కసారిగా లాక్కోకండి, కానీ లెక్క మీ మరదలి దగ్గర ఉండనివ్వండి. మాత్రల అట్ట, కాలి ఆపరేషన్ కాగితాలు, ఎక్స్‌రే వెంట తీసుకెళ్లండి. కాలు ఇప్పటికీ నొప్పిగా ఉందేమో ఎవరైనా అడిగారా? లోపలి రాడ్డుతోనో, సరిగా అతకకనో నిజంగానే నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకి కూడా చూపించాలి.