చద్దన్నమా, చల్లన్నమా?

సందేహం: ఎండలు ముదిరాక మా ఇంట్లో పొద్దున పూట పొయ్యి వెలిగించం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, తెల్లారాక మజ్జిగ కలుపుకుని, ఉల్లిపాయ నంజుకుని తినేస్తాం. వేసవి వంటలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ దీన్ని 'చద్దన్నం' అని రాశాను. మా తోటికోడలు చూసి, "చద్ది అంటే పాచిపోయింది అని కదా అక్కా! చల్ల కలుపుతాం కాబట్టి చల్లన్నం అని రాయి" అంది. మా మామగారేమో "రెండూ కాదు, అసలు మాట చల్ది" అంటారు. ఏది సరైనది? పనిలో పనిగా ఇంకో రెండు. మజ్జిగ 'చలువ' చేస్తుందా, 'చలవ' చేస్తుందా? 'సీజనల్ ఫుడ్'ను తెలుగులో ఏమనాలి?
- ఒక పాఠకురాలు

సమాధానం: మీ ముగ్గురి మాటల్లో తప్పు ఒక్కటే ఉంది. చద్ది అంటే పాచిపోయినది అనడం. మిగతావన్నీ సరైనవే, కాకపోతే అవన్నీ ఒకే గిన్నెకు పేర్లు కావు.

ముందు మామగారి మాట చూద్దాం. చల్ది పాత రూపమే. ఇంకా వెనక్కి వెళితే 'చలిది' అనే రూపం కూడా కనిపిస్తుంది. చలి, చల్లన, చల్లారు, చలువ, చలివేంద్రం, వీటన్నిటిలో ఉన్న 'చల్' ఇందులోనూ ఉంది. చలిది అంటే చల్లబడినది, చల్లనిది. నడుమ ఉన్న ఇకారం జారిపోయి చల్ది అయింది. ఆ తర్వాత 'ల్ద' కాస్తా 'ద్ద'గా మారి చద్ది అయింది. ఇదేమీ పలకడం రాక చెడగొట్టుకున్న మాట కాదు. వలదు, వల్దు, వద్దు. కలదు, కల్దు, కద్దు. చలిది, చల్ది, చద్ది. మూడూ ఒకే బాటన నడిచాయి. చద్దిని తప్పంటే వద్దునూ తప్పనాలి. మామగారితో వాదన పెట్టుకోమని నేను చెప్పను గానీ, ఆయన మారు వడ్డించబోతే 'వల్దమ్మా' అంటున్నారో 'వద్దమ్మా' అంటున్నారో ఒకసారి గమనించండి.

ఇక పాచి సంగతి. చద్దికి ఆ అర్థం పుట్టుకతో వచ్చింది కాదు. 15వ శతాబ్దంలో పోతన భాగవతంలో గోపబాలకులు అడవిలో కూర్చుని తిన్నది చల్దే. ఎండకు సోలిపోయారు, ఆకలిగా ఉన్నారు, చల్ది తిందాం రమ్మని కృష్ణుడు వాళ్లను పిలుస్తాడు. మీగడ పెరుగు కలిపిన చల్దిముద్దను ఎడమచేతిలో పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఊరగాయలు ఇరికించుకుంటాడు. పాచిపోయిన అన్నం కోసం ఎవరూ అంత సంబరపడరు కదా! అక్కడ చల్ది అంటే ఇంటి నుంచి కట్టుకొచ్చిన తిండి. తెలంగాణలో 'సద్ది' అనే మాటకు ఈ అర్థం ఇప్పటికీ చెక్కు చెదరలేదు. పొలానికి పోయేవాళ్లు సద్ది కట్టుకుని పోతారు. బతుకమ్మ పండుగ చివరి రోజును సద్దుల బతుకమ్మ అంటారు. ఆ రోజు చేసే పెరుగు సద్ది, నువ్వుల సద్ది రాత్రి మిగిలిన అన్నం కాదు, పండుగకని వండి కలిపినవి. 'పెద్దల మాట చద్దిమూట' అన్న సామెత సరేసరి. చద్ది అంటే పాడైపోయినదైతే అది పెద్దలను తిట్టినట్టవుతుంది.

అలాగని చద్దికూడు అంటూ విసుక్కునే వాడుక లేకపోలేదు. వేడివేడిగా వడ్డించడమే మర్యాద అనుకున్న చోట చల్లారినది చులకనైపోయింది. అది తినేవాళ్ల హోదా గొడవ, మాట తప్పు కాదు.

నిజానికి వంటింటి తెలుగు ఈ తేడాలను చాలా సన్నగా చూస్తుంది. ఇప్పుడే వండి పక్కన పెడితే 'చల్లారింది'. పూట గడిచి మర్నాటికి వస్తే 'చద్ది'. పులుపెక్కితే 'పులిసింది'. ఇక తినడానికి పనికిరాకపోతే 'పాచిపోయింది', కొందరి నోట 'పాసిపోయింది'. నాలుగు మెట్లకు నాలుగు మాటలు. పులిసినదాన్ని కూడా మనవాళ్లు చెడిపోయిన లెక్కలో వేయలేదు. పులుపు, పులుసు కూడా ఆ కుటుంబానివే. మజ్జిగ పులిస్తే పారబోయకుండా పులుసు పెడతారు. పాచి దగ్గరికి వచ్చేసరికే అసహ్యం మొదలవుతుంది. పాచిపళ్లు, పాచిమొహం, అన్నీ కడుక్కోవలసినవే. మండే ఎండల్లో చద్దికీ పాచికీ మధ్య పెద్ద దూరం ఉండదన్నది వేరే విషయం. అందుకే మీరు చెప్పినట్టు పొద్దున్నే తినేయడం మంచిది, మధ్యాహ్నం దాకా ఉంచితే మీ తోటికోడలి మాటే నెగ్గుతుంది.

'చల్లన్నం' కూడా తప్పు మాట కాదు. చల్ల అంటే మజ్జిగ. చల్ల, అన్నం కలిసి చల్లన్నం. అయితే అది అందులో ఏం కలిపారో చెబుతుంది, ఎప్పుడు వండారో చెప్పదు. మధ్యాహ్నం పొగలు కక్కే అన్నంలో మజ్జిగ పోసుకున్నా చల్లన్నమే. చద్దన్నం అలా కాదు. రాత్రి గిన్నెలో బిరుసెక్కిన మెతుకు నీళ్లలో నాని, తెల్లారేసరికి వేళ్ల మధ్య వెన్నలా నలగాలి. ఆ నీళ్లకు సన్నటి పులుపు వాసన తగలాలి. దాన్ని ఉప్పు వేసి పిసికి పచ్చిమిరపకాయ కొరుక్కుని తిన్నా, నిన్నటి పప్పుతో తిన్నా చద్దన్నమే. మజ్జిగ పోయకపోతే అది చల్లన్నం కాదు. పోస్తే మాత్రం చద్దన్నమూ చల్లన్నమూ రెండూ అవుతుంది. మీ ఇంట్లో తగువు ఇక్కడే పుట్టింది.

చల్ల అనే మాట గురించి ఇంకొక్క ముక్క. దీని పేరులో చల్లదనం ఉంది గానీ, పేరు పడ్డాక అది వేడిని పట్టించుకోదు. పొయ్యి మీద కుతకుతలాడుతున్నా దాన్ని చల్లపులుసు అనే అంటారు. తెలంగాణ పల్లెల్లో 'సల్ల' ఇంకా రోజువారీ మాట. కోస్తాలో మాత్రం చాలా ఇళ్లలో మజ్జిగ దాన్ని పక్కకు నెట్టేసింది. 'చల్లకొచ్చి ముంత దాచినట్టు' అన్న సామెతలో తప్ప చల్లను ఎరగని పిల్లలు, ఆ సామెతకు అర్థం అడిగితే బిక్కమొహం వేస్తారు. మీ తోటికోడలు ఆ మాటను ఇంకా వాడుతున్నందుకు నాకు ముచ్చటేసింది.

రెండో ప్రశ్న. నిఘంటువుల్లో చలువ. నోట చలవ. నిలువను నిలవ అంటున్నాం, నిలవ పచ్చడి అని రాస్తున్నాం కూడా. చిలుకుతాం, కానీ చిలకడం అంటాం. నడిమి ఉకారం అకారంగా మారడం మనకు మామూలే. విలువను మాత్రం విలవ అనేవాళ్లు తక్కువ, భాష అన్నిచోట్లా ఒకే లెక్కన నడవదు. అంచేత మజ్జిగ విషయంలో చలువ, చలవ ఏది రాసినా నేను దిద్దను. ఒక్కటి గమనించండి. చలువపందిరి, చలువరాయి, చలువ బట్టలు అన్నప్పుడు ఉకారమే ఎక్కువగా నిలిచింది. 'అంతా మీ చలవే' అన్నప్పుడు అకారం స్థిరపడింది. అక్కడ చలువ అని రాస్తే ఎవరో ఏసీ బిగించినట్టు ఉంటుంది.

అసలు నాకు దిగులల్లా స్పెల్లింగ్ గురించి కాదు, ఆ క్రియ గురించి. ఈమధ్య వేసవి వంటల వ్యాసాల్లో 'ఈ పానీయం మీ శరీరాన్ని చల్లబరుస్తుంది' అని తెగ రాస్తున్నారు. చల్లబరచడం కాఫీకి చేసే పని. ఒంటికి చేసేది చలవ. 'మజ్జిగ చలవ చేస్తుంది' అంటే చాలు, ఎవరికి అని కూడా చెప్పనక్కర్లేదు. దీనికి ఎదురుగా 'వేడి చేసింది' ఉంది. 'నాకు వేడి చేసింది' అన్న వాక్యంలో చేసిందెవరో ఉండదు, దేన్ని చేసిందో ఉండదు. అయినా వినేవాడికి కళ్ల మంటతో సహా అన్నీ తెలిసిపోతాయి. అదే 'నేను వేడి చేశాను' అంటే పాలో, కూరో అని అర్థం. చేసేవాడు మారితే అర్థమే మారిపోయే ఇంత చక్కని ఏర్పాటు చేతిలో ఉండగా శరీరాన్ని చల్లబరచడం దేనికి?

మూడోది. 'సీజనల్ ఫుడ్'కు 'ఋతుసంబంధ ఆహారం' లాంటి అనువాదాలు వద్దు, అవి ఎవరి నోటా పలకవు. సీజన్ తెలుగులో ఎప్పుడో కలిసిపోయింది, 'మామిడికాయల సీజన్' అంటే అందరికీ తెలుసు. మాట మార్చాలనే ఉంటే 'ఈ కాలపు కూరలు', 'ఎండాకాలం వంటలు' ఉన్నాయి. ఇంకో సంగతి. తెలుగులో ఈ భావాన్ని నామవాచకంతో కాకుండా క్రియతో చెప్పడం అలవాటు. 'మామిడికాయలు వచ్చేశాయి', 'ముంజలు దిగాయి', 'కాపు అయిపోయింది'. పప్పులో ఏ పులుపు వేయాలో, ఏ పచ్చడి నూరాలో ఆ ఒక్క క్రియే తేల్చేస్తుంది.

కాబట్టి మీ నోట్‌బుక్ మీద 'ఎండాకాలం వంటలు' అని రాసుకోండి. రాత్రి నీళ్లు పోసి ఉంచినదాన్ని చద్దన్నం అనే ఉంచండి, కొట్టివేయొద్దు. తోటికోడలు చెప్పిన చల్లన్నాన్ని ఆ కింద ఇంకో వంటగా చేర్చండి. మామగారి చల్దిని చద్దన్నం పక్కన బ్రాకెట్‌లో పెడితే ఆయనకూ బాగుంటుంది.