స్మాక్ గుర్తింపు లేకుండా హాలు తెరవొచ్చా?

అన్నా, లియోన్‌లో పెట్టబోయే చిన్న హాలుకు స్మాక్ గుర్తింపు రాకపోతే కచేరీలే చేయనివ్వరేమోనని టెన్షన్ పడుతున్నావు. అక్కర్లేదు. అది రాక్, పాప్, జాజ్ లాంటి నేటి సంగీతానికి వేదికలైన హాళ్లకు ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ ఇచ్చే గుర్తింపు, లైసెన్సు కాదు. తెరిచిన మర్నాడే వచ్చేదీ కాదు.

ముందు నీకు కావాల్సింది ప్రదర్శనల నిర్వాహకుడి డిక్లరేషన్ రసీదు. 2019 అక్టోబరు నుంచి పాత లైసెన్సు బదులు ఇదే, అయిదేళ్లు చెల్లుతుంది. ఏడాదికి ఆరు షోలు దాటితే తప్పనిసరి. హాలు నడిపేవాళ్లది మొదటి కేటగిరీ. బ్యాండ్లకు జీతం నువ్వే ఇస్తే రెండోది కూడా పెట్టుకో.

అసలు తలనొప్పి సౌండుతోనే. 15 నిమిషాల సగటు 102 డెసిబెల్స్ దాటకూడదు. చిన్న హాల్లో డ్రమ్మర్ ఒక్కడే అక్కడిదాకా తెచ్చేస్తాడు! గుమ్మం దగ్గర ఇయర్‌ప్లగ్స్ డబ్బా పెట్టు, అవి ఉచితంగానే ఇవ్వాలి.