కాల్చిన ఇత్తడి మెత్తబడేదెందుకు?

ప్రశ్న: చిత్తూరులో నాకు లేత్ షెడ్డు ఉంది. అమెరికాలో కొందరు ఒక రకం రైఫిల్ తూటా ఇత్తడి గొట్టాన్ని అచ్చులో నొక్కి, కంపెనీలు చేయని కొత్త కొలతలకు మలుస్తారనీ, అలాంటి తూటాలను వైల్డ్‌క్యాట్ అంటారనీ చదివాను. గొట్టం మెడను కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడుతుందట. ఉక్కు అలా చేస్తే గట్టిపడుతుంది కదా? ఈ పని మనం చేయవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: చేయకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. మీరు అడిగిన లోహం సంగతి మాత్రం తప్పక తెలుసుకోదగినది.

ఎర్రగా కాలిన ఉక్కును ఒక్కసారిగా చల్లార్చితే అందులోని కార్బన్ కదిలే వ్యవధి లేక లోపలే చిక్కుకుంటుంది కాబట్టి ఉక్కు గట్టిపడుతుంది. డెబ్బై పాళ్లు రాగి, ముప్పై పాళ్లు జింకు కలిసిన తూటా ఇత్తడిలో అలాంటి మార్పు జరగదు. దాన్ని గట్టిపరిచేది దెబ్బ, మెత్తబరిచేది వేడి. చెంబు అంచు సాగగొట్టే కంచరిని గమనించండి: సుత్తి కింద రేకు మోత మారి, దెబ్బ ఎగిరి వస్తున్నట్టు తోచగానే ఆయన దాన్ని మళ్లీ కొలిమిలో పెడతాడు. పెట్టకుండా కొడితే అంచు చీలుతుంది. దెబ్బలకు వంకరలు పోయిన స్ఫటికాల స్థానంలో ఆ వేడికి కొత్తవి పుడతాయి. నీళ్లకు ఇందులో పాత్ర లేదు. మెడకిచ్చిన వేడి అడుగుదాకా పాకకుండా ఆపడానికే అక్కడ ముంచుతారు, ఎందుకంటే పేలుడు ఒత్తిడిని తట్టుకోవలసిన అడుగు గట్టిగానే ఉండాలి. ఔత్సాహికులు ఇలా మలిచిన వాటిలో .22-250 రకాన్ని 1965లో రెమింగ్టన్ కంపెనీ తన తయారీలోకి తీసుకుంది.

మీ షెడ్డుకు నేరుగా పనికివచ్చే ముచ్చట మన దేశంలోనే జరిగింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన తూటాల గొట్టాలు ఎవరూ తాకకుండానే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమ్మోనియా, సాగదీసినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసే పగులు తెస్తున్నాయని 1921లో బ్రిటన్ పరిశోధకులు తేల్చారు. గట్టిదనం పోనంత తక్కువ వేడిలో, సుమారు 250 నుంచి 300 డిగ్రీల దగ్గర కొంతసేపు ఉంచితే ఆ బిగువు సడలుతుంది. కాబట్టి మీరు వంచిన, సాగదీసిన ఇత్తడి భాగాలను అలా సడలించకుండా పశువుల కొట్టం పక్కన గానీ, అమ్మోనియా కలిసిన ద్రవాల దగ్గర గానీ నిల్వ చేయకండి.