12 లక్షల అప్పుతో బయోటెక్నాలజీయా? ఇక్కడే బీఎస్సీ అయితే నామోషీనా?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాను. మా పాప బైపీసీ చదివింది. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీటెక్ బయోటెక్నాలజీ ఇస్తామంటున్నారు. ఫీజు, హాస్టల్ కలిపి నాలుగేళ్లకు 12 లక్షలు. ఇల్లు పెట్టి లోన్ తీసుకుందామని ఇప్పటికే 25 వేలు కట్టి సీటు ఆపించాను. ఊళ్లో బీఎస్సీ చేస్తే జీతం రాదని మా బావమరిది అంటున్నాడు. ఏది మంచిది మేడమ్?

జవాబు: ఏటా ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇవే. ఊరు మారుతుంది, యూనివర్సిటీ పేరు మారుతుంది, ఇల్లు మాత్రం తాకట్టుకు సిద్ధంగా ఉంటుంది. మీరు జీతం గురించి అడిగారు. కానీ చదువుతుంటే మీ భయం వేరే అనిపించింది. నీట్ రాని పిల్ల ఉత్త బీఎస్సీలో చేరిందంటే నలుగురూ ఏమంటారోనని, కోచింగ్‌కు పోసిన డబ్బంతా బూడిదపాలైందంటారేమోనని. అవునా కాదా?

ముందు అప్పు లెక్క చూద్దాం. బ్యాంకు 10 శాతం వడ్డీ అంటే మన వాడుకలో నూటికి 83 పైసలు. రెండు రూపాయల వడ్డీలు చూసినవాళ్లకు చవకగానే అనిపిస్తుంది. సాంక్షన్ లెటర్‌లో ‘మారటోరియం’ అని ఉన్న చోట ఆగి నిదానంగా చదవండి. కోర్సు నడిచినన్నాళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం మొదటి విడత విడుదలైన రోజు నుంచే పడుతుంది. ఏడాదికి 3 లక్షల చొప్పున తీసుకుంటే, కట్టడం మొదలుపెట్టే నాటికి వడ్డీయే 4 లక్షల 20 వేలు. బాకీ 16 లక్షల 20 వేలు అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 21,400. పదిహేనేళ్లకు సాగదీస్తే వాయిదా 17,400కు దిగుతుంది, మొత్తం కట్టేది 31 లక్షలు దాటుతుంది. పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల వరకు లోన్ మీద, ఈ వాయిదాలు లేని కాలానికి, 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. కానీ వాళ్ల జాబితాలో ఉన్న సంస్థలకే. మీ యూనివర్సిటీ అందులో ఉందా? చూశారా?

ఇక బయోటెక్నాలజీ. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను. పేరుకు ముందు బీటెక్ ఉంది కాబట్టి ఇంజినీరింగ్ ఉద్యోగం గ్యారంటీ అనుకుంటారు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో వ్యాక్సిన్ కంపెనీలు ఉన్న మాట నిజమే. కానీ అక్కడ పరిశోధన పనికి ఎక్కువగా తీసుకునేది ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవాళ్లను. నాలుగేళ్ల డిగ్రీతో దొరికేది ప్రొడక్షన్‌లోనో క్వాలిటీ కంట్రోల్‌లోనో ట్రెయినీ పని. దానికి మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ బీఎస్సీ పిల్లలు కూడా క్యూలో ఉంటారు. మిగిలినవాళ్లు మెడికల్ కోడింగ్‌కు, అంటే ఆసుపత్రి రికార్డులకు బిల్లింగ్ కోడ్‌లు రాసే పనికి వెళ్తారు. అది చెడ్డ పనేం కాదు, కాకపోతే మామూలు బీఎస్సీతోనూ చేరొచ్చు, దానికి 12 లక్షలు దేనికి? నా దగ్గరికొచ్చే పిల్లలు చూపించే మొదటి ఆఫర్ లెటర్లలో ఎక్కువగా కనిపించేది నెలకు 15 నుంచి 25 వేలు. అందులో 21,400 బ్యాంకుకు పోతే హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె ఎవరు కడతారు? మళ్లీ మీరే.

బ్రోచర్‌లో గౌను, టోపీతో నవ్వుతున్న అమ్మాయి ఫొటో, కింద లక్షల ప్యాకేజీ ఉంటాయి. ఆ పక్కనే సన్న అక్షరాల్లో బ్రాంచి ఉందేమో వెతకండి. చాలాసార్లు సీఎస్‌ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ అని ఉంటుంది. యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) విప్పి కాయ చేతిలోకి తీసుకోకుండా మీరు రేటు కట్టరు కదా, ఇక్కడ మాత్రం అట్ట చూసి ఎలా కడుతున్నారు? నిరుడు బయోటెక్ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు, ఎవరు ఏ కంపెనీలో ఏ పనికి చేరారు అన్నది కాగితం మీద ఇమ్మని అడగండి. ‘మొత్తం మీద 90 శాతం సార్’ అన్నారంటే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

బీఎస్సీ గురించి కూడా తియ్యటి మాటలు చెప్పను. డిగ్రీ అయిన వెంటనే వచ్చే జీతం అందులోనూ అంతంతమాత్రమే. బయాలజీలో సంపాదన పీజీ దాటాక మొదలవుతుంది. అందుకే డిగ్రీ దగ్గరే అప్పంతా చేయొద్దంటున్నాను. నెత్తిన వాయిదా ఉన్న పిల్ల ఎమ్మెస్సీకి వెళ్లలేదు, దొరికిన మొదటి ఉద్యోగంలో ఇరుక్కుపోతుంది. వడ్డీ కన్నా నాకు భయమేసేది అదే.

గుంటూరులో ప్రభుత్వ మహిళా కళాశాల, హిందూ కాలేజీ, ఏసీ కాలేజీ ఉన్నాయి. విజయవాడలో లయోలా, మారిస్ స్టెల్లా ఉన్నాయి. ఇంటి తిండి తింటూ చదవొచ్చు. తర్వాత నాగార్జున యూనివర్సిటీ ఉంది, సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాస్తే ఐఐటీలు. ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. అందరికీ రాదు, కష్టమైన పరీక్షే. రాకపోతే బీఈడీ, డీఎస్సీ ఉన్నాయి. ఇంకో మాట, నీట్ పిచ్చి ఉన్నంతకాలం మన గుంటూరు, విజయవాడల్లో బోటనీ, జువాలజీ బాగా చెప్పేవాళ్లకు పని కరువుండదు! ఈఏపీసెట్ ర్యాంకు ఉంటే అగ్రికల్చర్ బీఎస్సీ కౌన్సెలింగ్ వదలకండి. బాపట్లలో సీటు వస్తే ఈ చర్చే అక్కర్లేదు.

కోపగించుకోకండి, ఒకటి అడగాలి. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, ఇల్లు ఉంది, బావమరిది అభిప్రాయం కూడా ఉంది. పాపకు ఏం ఇష్టమో ఒక్క ముక్క లేదు. చదివేది ఆమా, ఆయనా? ఇల్లు తాకట్టు పెట్టామని తెలిసిన పిల్లకు చదువు నచ్చకపోయినా నోరు విప్పే ధైర్యం ఉంటుందా? నీట్‌లో సీటు రాకపోవడం ఆమె తప్పు కాదు. లక్షల మంది రాస్తారు, సీట్లు కొన్నే. బయాలజీ అంటే ఆమెకు ఇంకా ఇష్టం ఉంటే ఏమీ పోలేదు, టెన్షన్ పడకండి. ఆ ఇష్టం ఉందో లేదో ముందు కనుక్కోండి. ‘రెండేళ్లు వేస్ట్ చేశావు’ అన్న మాట మీరు అనకండి, మీ బావమరిదినీ అననివ్వకండి.

కట్టిన 25 వేలు పోతాయని మిగతా డబ్బు కట్టేయకండి. అడ్మిషన్ వద్దనుకుంటే ఫీజు తిరిగివ్వాలని యూజీసీ నిబంధన ఉంది. 2024-25లో సెప్టెంబరు 30 లోపు రద్దు చేసుకుంటే పూర్తిగా, అక్టోబరు 31 లోపు అయితే వెయ్యికి మించకుండా పట్టుకుని ఇవ్వాలన్నారు. ఈ ఏడాది తేదీ చూసుకుని, రసీదు జతచేసి మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే అదే మెయిల్‌లో అడగండి, అవి అట్టేపెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. ఈలోగా డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల గడువు దాటనివ్వకుండా, ఆప్షన్లు పాప చేతే పెట్టించండి.