ముందు కత్తెర పట్టుకో

చిరంజీవి అమ్మడికి, అత్తయ్య ఆశీస్సులు.

ఇట్టా అనే ఆవిడ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "ఏడో శతాబ్దపు పుణ్యమూర్తి" అని మొదలుపెట్టావు. అలా మొదలైతే రెండో లైను ఎవరూ చదవరు.

కత్తెరతో మొదలుపెట్టు. ఇట్టా భర్త పెపిన్, ఐరోపాలో అప్పటి ఆస్ట్రేసియా అనే రాజ్యంలో, రాజుగారి దివాణంలో అందరికన్నా పెద్ద అధికారి. 640లో పోయాడు. కూతురు గెర్ట్రూడ్‌కి అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ పిల్లని కట్టుకున్నవాడికి ఆ ఇంటి పలుకుబడి కూడా దక్కుతుంది. ఇవ్వనంటే ఎత్తుకుపోయే రోజులవి. అందుకని తల్లే మంగలి కత్తెర లాక్కుని, కూతురి జుట్టు కిరీటంలా గుండ్రంగా కత్తిరించేసింది. అలా జుట్టు తీస్తే సన్యాసిని అయినట్టే, ఇక ఆమె దేవుడి మనిషి.

ఇక్కడ జాగ్రత్త. జుట్టు తీయడం అనగానే మనవాళ్లకి వెనకటి వితంతువులకి గుండు గీయించడమే గుర్తొస్తుంది. ఇక్కడ భర్త పోయింది తల్లికి, జుట్టు పోయింది కూతురికి. ఆ ముక్క చెప్పకపోతే చదివేవాళ్లు ఊరికే జాలిపడతారు.

తర్వాత భూమి సంగతికి రా. మఠం పెట్టమని సలహా ఇచ్చింది బిషప్ అమాండస్, నిజమే. కానీ 650 ప్రాంతంలో నివెల్‌లో, అంటే ఇప్పటి బెల్జియంలో, మఠం లేచింది ఆ కుటుంబం భూమి మీదే. దేవుడి మాన్యం చేసేస్తే ఎవరూ కాజేయలేరని ఆమె లెక్క అయ్యుంటుంది. అలాగని భక్తంతా నాటకమని రాసేయకు, అది మరీ తేలిక. ఆ మఠం కోసం తల్లీకూతుళ్లు అవమానాలూ లేమీ భరించారని గెర్ట్రూడ్ చరిత్ర రాసిన సమకాలికుడే చెప్పాడు. మఠానికి పెద్దగా కూతుర్ని కూర్చోబెట్టి, తాను ఆమె చేతికింద ఉంది. 652లో పోయింది.

గెర్ట్రూడ్ బొమ్మల్లో ఎలుకలుంటాయి. ఆమె ఎలుకల బెడద తీరుస్తుందన్న నమ్మకంతో పాటు చాలా తర్వాత వచ్చి చేరినవి. ముద్దొస్తాయి, అయినా వదిలెయ్. నా మొదటి వ్యాసం నిండా మహిమలే రాస్తే, ఒక పత్రిక ఎడిటర్ "ఇందులో మనిషేదీ?" అని తిప్పి పంపాడు.

వుల్ఫెట్రూడ్‌ని మాత్రం వదలకు. ఇట్టా మనవరాలు, కొడుకు గ్రిమోఆల్డ్ కూతురు. ఇరవై ఏళ్లకే మఠం ఆమె చేతికొచ్చింది. తండ్రి మీద పగతో రాజులూ రాణులూ ఆ పిల్లని దించేసి మఠం ఆస్తి లాక్కోవాలని చూశారు. అయినా కదల్లేదు. అమ్మమ్మో నాయనమ్మో సరిగ్గా రాయి, నీ ప్రతిలో తప్పు పడింది.

తిరగరాసి పంపు. మొదటి పేరాలో కత్తెర లేకపోతే చదవకుండానే వెనక్కి పంపేస్తా.

మీ అత్తయ్య