వయసైపోవడం మీద పంక్ పాట ఉందా? ఉంది, ఇరవై ఏళ్ళ పైనుంచి వింటున్నా

నలభై దాటాక పంక్ (వేగంగా, గోలగా సాగే కుర్రకారు రాక్ సంగీతం) వినడం మానేయాలా, వయసైపోవడం గురించి ఆ పాటల్లో అసలేమైనా ఉందా అని అడిగారు కదా. మానక్కర్లేదండి. నాకిప్పుడు 45, ఇవాళ పొద్దున ఆఫీసుకి వెళ్తూ కూడా విన్నాను. నాకు తెలిసిన జవాబు ఒక్కటే పాట, డిసెండెంట్స్ అనే కాలిఫోర్నియా బ్యాండ్ వాళ్ళ 'వెన్ ఐ గెట్ ఓల్డ్'. 1996లో వచ్చిన 'ఎవ్రీథింగ్ సక్స్' ఆల్బమ్‌లో ఉంటుంది.

నేను మొదటిసారి విన్నది 2003 చలికాలంలో, అమెరికాలో మాడిసన్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు. ల్యాబ్‌లో పక్క బెంచీ అతను రాత్రిళ్ళు నన్ను రూమ్ దగ్గర దింపేవాడు, కారులో హీటర్ వేడెక్కేలోపే రూమ్ వచ్చేసేది, ఆ పది నిమిషాలూ ఇదే సీడీ. ఒకరోజు అన్నాడు, ఈ పాడేవాడు కూడా మనలాంటోడే, బయాలజీలో పీహెచ్‌డీ, ఇదే యూనివర్సిటీలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్) చేశాడు అని. నేను నమ్మలేదు, తర్వాత చూస్తే నిజమే. మైలో ఆకర్‌మన్ అని, వీళ్ళ మొదటి ఆల్బమ్ పేరే 'మైలో గోస్ టు కాలేజ్', 1982, అంటే సింగర్ చదువుకి వెళ్ళిపోతున్నాడని ఆ సంగతినే ఆల్బమ్‌కి పేరు పెట్టేశారు. తర్వాత చాలా ఏళ్ళు డ్యూపాంట్ అనే కెమికల్ కంపెనీలో మొక్కల మీద రీసెర్చ్ చేసుకుంటూ మధ్యమధ్యలో వచ్చి పాడి వెళ్ళేవాడు.

పాట దాదాపు మూడు నిమిషాలు, ఎక్కువ భాగం ప్రశ్నలే. ముసలాణ్ణయ్యాక ఎలా ఉంటాను, అప్పుడు కూడా సైకిలెక్కి ఊరంతా తిరుగుతానా, ఏదో అవ్వాలన్న కోరిక మిగులుతుందా లేక ఊరికే కూర్చుండిపోతానా, ఇలాంటివి. దేనికీ జవాబు చెప్పడు. ఒకచోట మాత్రం పెద్దవాళ్ళ మీద కటువుగా అంటాడు, వాళ్ళలా అవ్వను, వాళ్ళు ఎప్పుడో చచ్చిపోయారు అన్నట్టు. అక్కడ నాకు మా నాన్న గుర్తొచ్చారు.

మా నాన్న తెనాలిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. షటిల్ కాదండి, పసుపు ఊలు బంతితో జట్టుకి ఐదుగురు ఆడే ఆట. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే టీ కూడా తాగకుండా నిక్కరేసుకుని గ్రౌండ్‌కి వెళ్ళిపోయేవారు. 1998లో అక్క పెళ్ళయింది, ఆ తర్వాత వారం నుంచి మానేశారు. ఏంటి నాన్నా అంటే "అల్లుడొచ్చాక ఇంకా నిక్కర్లేసుకుని ఆటలేంట్రా" అన్నారు. అప్పటికి ఆయనకి 47. మోకాళ్ళు బానే ఉన్నాయి, ఎవరూ మానమనలేదు, బావగారు అసలు పట్టించుకునే మనిషే కాదు. బ్యాటు తలుపు వెనక మేకుకి తగిలించారు, గట్ (బ్యాటుకి అల్లే తీగ) ఒక్కొక్క పోగూ తెగి వేలాడుతుండేది, బంతేమో గూట్లో అగ్గిపెట్టెల పక్కన పడుండి రంగు వెలిసిపోయింది. మంచులో ఆ కారులో కూర్చుని ఉంటే నాకు కనిపించింది ఆ బంతే.

ఈ బ్యాండ్ మీద నాకు అంత గౌరవం ఎందుకంటే, ప్రశ్న వేసి తప్పించుకోలేదు, అందరి ముందే ముసలివాళ్ళవుతున్నారు. 1981లో తిండి మీద పది పదిహేను సెకన్ల పాటలు పాడినోళ్ళు, 1985 ఆల్బమ్‌కి 'ఐ డోంట్ వాంట్ టు గ్రో అప్' అని పేరు పెట్టినోళ్ళు, 2016కి వచ్చేసరికి కొవ్వు తిండి ఇక తినకూడదని 'నో ఫ్యాట్ బర్గర్' అని పాడారు, అదీ అదే స్పీడులో. డ్రమ్మర్ బిల్ స్టీవెన్‌సన్‌కి 2010లో మెదడులో ట్యూమర్ తీశారు, లేచొచ్చి మళ్ళీ డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. మైలో 2016లో, 53 ఏళ్ళ వయసులో, సైన్స్ ఉద్యోగం వదిలి పూర్తిగా పాటకే వచ్చేశాడు, 2023లో మైల్డ్ హార్ట్ ఎటాక్ వచ్చి షోలు ఆపుకున్నారు, తర్వాత మళ్ళీ ఎక్కారు స్టేజి.

పోయిన వయసు తలుచుకుని ఏడ్చే పాటలు నాకు అంతగా ఎక్కవు. ఇది 33 ఏళ్ళవాడు ముందుకి చూస్తూ అడిగింది, అందుకే పాతబడలేదు. 23లో విన్నప్పుడు ఇది నాన్న పాట, ఇప్పుడు నాది. రోజంతా ల్యాబ్‌లో పిపెట్ (చుక్కలు కొలిచి వేసే గొట్టం) నొక్కి నొక్కి బొటనవేలు పట్టేస్తుంటే సాయంత్రం ఇంటికెళ్ళి సోఫాలో పడిపోదామనే ఉంటుంది, అప్పుడు ఆ సైకిల్ ప్రశ్న నన్నే అడిగినట్టుంటుంది, చాలాసార్లు లేచి వెళ్ళాను, కొన్నిసార్లు వెళ్ళలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు నాన్న బ్యాటు తీసుకెళ్ళి కొత్త గట్ వేయించాను. చేతిలో పెడితే ఏమీ అనలేదు, గోటితో గట్ మీద రెండుసార్లు మీటి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. "లూజుగా కట్టాడ్రా" అన్నారు.

మీరు కొత్తగా వినేట్టయితే ముందు 1982 ఆల్బమ్ మొత్తం వినండి, అరగంట కూడా పట్టదు, ఆ కుర్రాళ్ళ గొంతు చెవిలో ఉండగానే 'వెన్ ఐ గెట్ ఓల్డ్' పెట్టుకోండి, బర్గర్ పాట ఆఖర్న. నేనైతే కారులోనే వినమంటాను, కొంచెం సౌండ్ పెంచి.