ఇంట్లో కట్టిన టీజర్‌కి కొమ్ము కోనాం పైకి వస్తుందా?

వస్తుంది. చేపని ఊరించి బోటు దగ్గరికి రప్పించే టీజర్లు బయట కొంటే ఖరీదు ఎక్కువ, వైజాగ్ నుంచి సూర (ట్యూనా), కొమ్ము కోనాం (కొమ్ములాంటి పొడవాటి ముక్కున్న పెద్ద చేప) వేటకి వెళ్లడానికి ఇంట్లో చేసుకుంటే పనికొస్తాయా అని కదా మీరు అడిగింది. నేను చాలాకాలంగా సొంతంగా కట్టినవే వాడుతున్నాను. వాటి వెనక చేప లేవడం కళ్లారా చూశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

టీజర్‌కి గేలం ఉండదు. చేపని పైకి రప్పించి బోటు వెనకే తిరిగేలా చేయడం వరకే దాని పని. చేప కనబడగానే టీజర్ లాగేసి, అదే చోట గేలం ఉన్న ఎర అందించాలి. రంగు గులాబీయా ఆకుపచ్చా అని జనం గంటలు వాదించుకుంటారు గానీ, నా అనుభవంలో టీజర్ తిన్నగా నడుస్తోందా, వెనక బుడగలు వదులుతోందా అన్నదే అసలు సంగతి.

మొదటిసారి డైసీ చెయిన్ కట్టండి, అంటే ఒకే దారానికి వరసగా స్క్విడ్ బొమ్మలు ఎక్కించిన టీజర్. 300 పౌండ్ల బరువు ఆపే నైలాన్ మోనో (ఒంటిపోగు) దారం, ఐదారు రబ్బరు స్క్విడ్‌లు, గట్టి పూసలు, దారం మందానికి సరిపడే క్రింప్ స్లీవ్‌లు (దారం మీద నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టాలు), మెలిపడకుండా తిరిగే స్వివెల్ ఒకటి ఉంటే చాలు. స్క్విడ్ తల బోటు వైపు, కాళ్లు వెనక్కి ఉండేలా దారం ఎక్కించండి. ఒక్కో స్క్విడ్ తలలోపల పూస, పూస వెనక స్లీవ్ రావాలి. బోటు కదిలినప్పుడు నీళ్లు స్క్విడ్‌ని వెనక్కి తోస్తాయి, పూస అక్కడ ఆపుతుంది. పూస లేకపోతే మెత్తటి రబ్బరు నేరుగా స్లీవ్ మీద పడి చిరిగిపోతుంది. స్క్విడ్‌ల మధ్య 45 నుంచి 60 సెంటీమీటర్లు వదలండి. మరీ దగ్గరైతే ఒకదాని కాళ్లు ఇంకోదానికి చుట్టుకుంటాయి. చివరిది మాత్రం మిగతావాటి కంటే పెద్దదిగా, ఇంకాస్త వెనకగా పెట్టండి. గుంపు నుంచి వెనకబడిన చేపలా కనబడేది అదే, చేప కన్ను ఎక్కువగా పడేదీ దానిమీదే. దాని తలలో కోడిగుడ్డు ఆకారపు సీసం గుండు ఒకటి దూర్చితే చెయిన్ మొత్తం గాల్లోకి ఎగరకుండా నీళ్లు పట్టుకుని నడుస్తుంది.

క్రింపింగ్ దగ్గర తొందర వద్దు. కొసన లూప్ వేసేచోట డబుల్ బ్యారెల్ (రెండు రంధ్రాల) స్లీవ్ వాడి మధ్యలోనే నొక్కండి, రెండు అంచులూ నొక్కకుండా వదిలేయండి. అంచు దాకా నొక్కితే ఆ లోహమే దారాన్ని కోసేస్తుంది. మామూలు కటింగ్ ప్లేయర్‌తో నొక్కినది నేను నమ్మను. క్రింపింగ్ ప్లేయర్ ఒకటి కొనుక్కోండి, డబ్బు పెట్టాల్సింది అక్కడే. మిగిలిన దారం కొసని లైటర్‌తో కరిగించి చిన్న గుండులా చేస్తే జారదు.

సముద్రంలో 6 నుంచి 8 నాట్ల వేగంలో, బోటు వెనక మొదటి రెండు మూడు అలల్లో వదలండి. ప్రొపెల్లర్ తెల్లనురుగులో మునిగిపోతే చేపకి కనబడదు, కాబట్టి నురుగు పక్కన శుభ్రంగా ఉన్న నీళ్లలోకి జరపండి. చెయిన్ గిర్రున తిరుగుతోందంటే ఏదో ఒక స్క్విడ్ వంకరగా ఎక్కిందన్నమాట. పైకి తీసి సరిచేయండి, లేదంటే తాడంతా మెలిపడుతుంది.

టీజర్ తాడుని బోటు కొక్కేనికి కట్టండి, చేతికి మాత్రం ఎప్పుడూ చుట్టుకోకండి. లాగేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి. గేలం లేకపోయినా కొమ్ము కోనాం చివరి స్క్విడ్‌ని నోట కరుచుకుని లాగుతుంది, ఆ బలం మామూలుది కాదు. ఆ కొమ్ము పొడుచుకుని మనుషులు చనిపోయిన సంఘటనలు మన తీరంలోనే జరిగాయి. చేప పక్కకి వచ్చినప్పుడు బోటు అంచు మీదకి వంగకండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, నేను ఆ రోజుల్లోనే పాత చెయిన్‌లు విప్పి దారాలు మారుస్తాను. ఎండకి తెల్లబారిన మోనోని నమ్ముకోవద్దు. తీసేసిన ముక్కలు సముద్రంలో పారేయకండి, తాబేళ్లకి చుట్టుకుంటాయి.